కొండ మీద పేరు పెట్టి పిలిచినందుకు

మా దున్నమూపు కొండ మీద ఎవరికీ అసలు పేరుండదు. కింద మెట్లు మొదలయ్యే చోటే దాన్ని వదిలేసి ఎక్కుతాం. పైన నేను గరిటెని. కొండ కింద నూడుల్స్ కొట్టు నాది గనక ఆ పేరొచ్చిందని నేనంటాను, నోటి దురుసు వల్ల వచ్చిందని మిగతావాళ్లంటారు. మా తైవాన్‌లోని కీలుంగ్ రేవులో పని చేసి రిటైరైన సగం జనం తెల్లారగానే ఈ కొండెక్కి, వెనక్కి నడిచి, చేతులు చరుచుకుని, రేడియోలో పాత పాటలు విని, వాన మొదలవకముందే దిగిపోతారు. శిఖరం మీద రేకుల పాకలో టీ ఉచితం. ఎక్కేవాళ్లు తలా ఒక సీసా నీళ్లు మోసుకెళ్లాలి, అంతే. ఉత్త చేతులతో వచ్చి టీ తాగేవాణ్ని నేను ఊరికే వదలను.

ఆ పాకలో టీ కాచేది అల్లం. బెల్లం, అల్లం దంచి మరిగించే టీ వల్ల ఆ పేరు స్థిరపడింది. అసలు పేరు యూ గ్యోక్‌హ్యో. కాగితం మీద గనక చెబుతున్నాను, కొండ మీదైతే పీక కోసినా చెప్పను. వానకోట్లు కుట్టే కార్ఖానాలో పనిచేసి మానేసింది. ఆమె మొగుడు కొంగ. రేవులో క్రేన్ నడిపేవాడు. పొడుగు కాళ్లు, పొడుగు మెడ, తక్కువ మాటలు. పెళ్లికి ముందు అందరూ సినిమాలకు పోతే వీళ్లిద్దరూ కాలిబాటలకు పోయారు. ఈ చుట్టుపక్కల పార్కుల్లో వాళ్లు నడవని బాట లేదు. అతను ముందు నడుస్తూ, దారి తప్పే చోట్ల కొమ్మలకు పసుపు గుడ్డపీలికలు కట్టేవాడు. ఆమె వెనకాల వస్తూ ముడి బిగిసిందో లేదో లాగి చూసేది. ఊడితే అతన్ని వెనక్కి పిలిచి మళ్లీ కట్టించేది. వాళ్ల కాపురమంతా అలాగే సాగింది, ఒకరికొకరు కాక మూడో మనిషి అక్కర్లేకుండా.

పేర్లు ఎందుకు దాస్తామంటే, ఎర్రటోపీది వింటుంది గనక. దాని అసలు పేరు కూడా మేం ఎత్తం. పసిపిల్లంత ఉండే దయ్యమట, పొగమంచులో తిరుగుతుందట. మనిషి పూర్తి పేరు ఒక్కసారి చెవిన పడితే చాలు, ఆ మనిషి ఇంటివాళ్ల గొంతుతో పిలుస్తుంది. పలికినవాడు దాని వెంట పోతాడు. చదువుకున్న పిల్లలు ఈ మాటకు నవ్వుతారు, నవ్వుతూనే కొండ మీద ఒకరినొకరు ముద్దుపేర్లతో పిలుచుకుంటారు. కొంగ మాత్రం నవ్వేవాడు కాదు. బొగ్గుగనుల పల్లెలో నాయనమ్మ దగ్గర పెరిగాడు. ఆవిడ తమ్ముడు అలాంటి పిలుపుకు పలికాడట. దొరికేసరికి అతని నోటి నిండా మట్టి, మిడత కాళ్లు. అందుకని ఆవిడ మనవడికి అన్నం తినిపించినంత శ్రద్ధగా ఒకటే నేర్పింది. కొండ మీద నీ పూర్తి పేరు పెట్టి ఎవరు పిలిచినా పలకకు, కదలకు, చెవులు మూసుకుని కూర్చో, విసుగొచ్చి అదే పోతుంది.

మూడేళ్ల కిందట తుఫాను తర్వాత ఒక మధ్యాహ్నం, బాటకు అడ్డంగా పడిన వెదురు నరకడానికి కొంగ ఒక్కడే పోయాడు. పొగమంచు దిగింది. సాయంత్రానికి తిరిగి రాలేదు.

మర్నాడు వెతికే దళం వచ్చింది. దాని నాయకుడు పట్నం మనిషి, చెడ్డవాడేం కాదు. అల్లం చేతికి మైకు ఇచ్చి, కొత్త తెల్ల వానకోటు తొడిగించి, పిలవమన్నాడు. ఆమె "కొంగా" అని పిలిచింది. అతను ఆపేశాడు. "అలాక్కాదమ్మా, గుర్తింపు కార్డులో ఉన్న పేరు పెట్టి పిలవండి. మగత కమ్మినవాడికైనా సొంత పేరు చెవిలో పడుతుంది" అన్నాడు. మా దగ్గర అలా పిలవరు బాబూ అని నేను అడ్డుపడితే, పక్కకు జరగమన్నాడు. నేను జరగలేదు. అప్పుడు ఇద్దరు కుర్రాళ్లు నన్ను జరిపారు. భర్త ప్రాణం మీదికొస్తే ఏ ఆడది ఎర్రటోపీని లెక్కచేస్తుంది? అల్లం మైకులో "కాన్ త్యావ్‌ఖింగ్" అని పిలిచింది. ఆ రోజంతా పిలిచింది, మరుసటి రోజూ పిలిచింది. గొంతు బొంగురుపోయి, చివరికి గాలి తప్ప మాట రాలేదు.

ఆ తర్వాతి పొద్దున అతన్ని కుక్క కనిపెట్టింది. రెల్లు కింద ఒక గోతిలో ముడుచుకుని ఉన్నాడు. మేం నిలబడి పిలిచిన చోటి నుంచి రాయి విసిరితే తగిలేంత దూరం. బతికే ఉన్నాడు. రెండు చెవుల్లోనూ పచ్చి నాచు కూరుకుని ఉన్నాడు. అల్లం ఏడుస్తూ మీద పడబోతే, వెనక్కి జరిగాడు. ఆ జరగడం నేను కళ్లారా చూశాను.

ఆసుపత్రిలో నీళ్లెక్కించి, ఒంట్లో నీరు తగ్గి బుర్ర తిరిగింది, సర్దుకుంటుందన్నారు. గుడిలో అతని చొక్కా మీద బియ్యం తిప్పి బెదురు తీశారు. ఒళ్లు కోలుకుంది. అన్నం తింటాడు, లెక్క తప్పడు, వీధిలో అందరినీ గుర్తుపడతాడు. ఒక్క పెళ్లాన్ని తప్ప. ఆమెను "మీరు" అంటాడు. గంజి పోస్తే "శ్రమ పెట్టాను" అంటాడు. వేరే గదిలో పడుకుంటాడు. ఆమె ఎదురొస్తే గోడకు ఆనుకుని దారి ఇస్తాడు. తిట్టినా బాగుండేదని అల్లం అనేది.

ఒకరోజు కొట్లో కూర్చోబెట్టి నేనే అడిగేశాను. ఏం కొంగా, ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషిని గుర్తుపట్టవా, బుర్ర రేవులో పారేశావా అన్నాను.

"ఆవిడ అల్లం కాదు గరిటే," అన్నాడు నెమ్మదిగా. "అచ్చం అలాగే ఉంటుంది, నేను కాదనను. గడ్డి సందులోంచి చూశాను కదా. తెల్లగా, పొగమంచులో నిలబడి, మనిషికి రానంత గొంతుతో నా పూర్తి పేరు పెట్టి పిలిచింది. అల్లం ఇంట్లో కూడా నన్నెప్పుడూ అలా పిలవలేదు."

మరి అసలు అల్లం ఏమైందని అడిగాను.

"నన్ను వెతుక్కుంటూ వచ్చుంటుంది. అక్కడే ఎక్కడో ఉంది. పిచ్చిది, దారి తెలిసినా నేను లేకుండా దిగదు."

అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరికే అనలేదు. రోజూ తెల్లారేసరికి కొండెక్కి, రెండో మలుపులో కంచె పట్టుకుని, లోయలోకి "అల్లం" అని పిలిచేవాడు. కాసేపు చెవి ఒగ్గేవాడు. మళ్లీ పిలిచేవాడు. టీనీళ్లు మోసుకుంటూ అసలు అల్లం అతని వెనకే నిలబడి ఉండేది. మొదట్లో "ఇక్కడే ఉన్నాను" అనేది. అతను వేలు నోటి మీద పెట్టుకుని, కాస్త ఊరుకోండి, తను పలికితే వినపడదు అనేవాడు. కొత్తగా వచ్చేవాళ్లు నవ్వుకునేవారు. ఒకడు మాత్రం నా ముందు నవ్వాడు, మళ్లీ ఈ కొండెక్కలేదు.

అల్లానికి కావలసింది ఒక్కటే. చచ్చేలోగా ఒక్కసారైనా అతను తనని తనలా చూడాలి. అందుకు చేయని పనంటూ లేదు. ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియని మాటలు చెప్పింది, పెళ్లైన కొత్తలో వానలో ఏ గుహలో దాక్కున్నారో, అక్కడ అతను ఏమన్నాడో. అతను తలదించుకుని విని, "కొండ మీద అన్న మాటలే కదా, మీరు వినే ఉంటారు" అన్నాడట. ఆ రోజు నా వంటింట్లో ఉల్లికాడలు తరుగుతూ కూర్చుంది. ఏడవలేదు.

"ఒక్కోసారి అద్దంలో చూసుకుంటే నాకే అనుమానమొస్తోంది గరిటే," అంది. "ఆ పిలిచింది నేనేనా అని. నేనైతే అలా పిలవను కదా."

ఆమె ముందున్న ఉల్లికాడలు లాక్కుని మిగతావి నేనే తరిగాను.

మొన్న చలిలో ఒక పొద్దున, ఎదుటి మెట్టు కనపడనంత పొగమంచు. కొంగ పిలిచాడు, ఆగాడు, పిలిచాడు. తర్వాత నిదానంగా చెప్పులు విడిచి కంచె మీద కాలు వేశాడు. దిగిపోతాను, ఇంక తను పైకి రాలేదేమో అన్నాడు. కింద ఏటవాలు, తడి రాయి, మోకాళ్లు సరిగా లేని మనిషి. నేను అతని చొక్కా పట్టుకున్నాను. అల్లం పట్టుకోబోయి ఆగింది. తను పట్టుకుంటే విదిలించుకుని దూకుతాడని ఆమెకు తెలుసు. నీళ్ల సీసాలు కింద పెట్టి, నా చెవిలో "వదలకు" అని మాత్రం చెప్పి, పక్కనున్న పాతబాటలో కిందికి జారిపోయింది. రెల్లు కదిలింది, తర్వాత ఏమీ కనపడలేదు.

అతను మళ్లీ "అల్లం" అన్నాడు.

"కొంగా," అని లోయలోంచి వచ్చింది. "అక్కడే ఉండు. నేనే వస్తున్నాను."

పోయింది అల్లమేనని నాకు తెలుసు. అయినా అతని చొక్కా ఇంకా గట్టిగా పట్టుకున్నాను. కొంగ కాలు వెనక్కి తీసుకున్నాడు. చిన్నపిల్లాడిలా కంచె పట్టుకుని నిలబడ్డాడు. చాలాసేపటికి ఆమె పైకొచ్చింది, జుట్టంతా తడిసి, చేతులు రెల్లుకు కోసుకుపోయి, మోకాలిదాకా బురదతో. అతను ఆమె ముఖం రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఎంత చిక్కిపోయావే. ఎక్కడికి పోయావు నువ్వు?"

ఆమె అతని చేతుల మీద తన చేతులు వేసింది. నేను వాళ్ల వైపు చూడలేక సీసాలు సర్దుతూ కూర్చున్నాను. సంతోషించాలో భయపడాలో నాకు తెలియలేదు.

దిగేటప్పుడు అతను ఆమె చెయ్యి వదల్లేదు. కొంత దూరం పోయాక ఆగి, గొంతు తగ్గించి చెప్పాడు. "ఇంట్లో ఒకావిడ ఉంది. నువ్వు కోప్పడకూడదు. నీలాగే ఉంటుంది. నాకేం కీడు చెయ్యలేదు పాపం. వెళ్లిపొమ్మని గట్టిగా అనకు."

అల్లం నా వైపు చూసింది. తర్వాత అతనితో, "వెళ్లిపోయిందిలే" అంది.

"చెప్పకుండానే?"

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. నేనొక్క మంచి మాటైనా అనలేదే ఆవిడతో అని మొదలుపెట్టాడు. చేప ముళ్లన్నీ తీసి పెట్టేదని చెప్పాడు, తను దగ్గితే గోడ అవతల లేచి కూర్చునేదని, చిలగడదుంప గంజి అంత మెత్తగా ఎవరూ కాయలేరని చెప్పాడు. మెట్లు దిగినంతసేపూ ఆవిడ గురించే. అల్లం అతని చెయ్యి పట్టుకుని, ఊఁ కొడుతూ నడిచింది.