తొలి పత్తి మూట

కరీంనగర్‌లో నేను నాలుగేళ్లకు పైగా ఉన్నాను. డిగ్రీ చదివిన మూడేళ్లు, ఆ తర్వాత పోటీ పరీక్షల శిక్షణ పేరుతో మరికొంత కాలం. అక్కడ పాఠాలకన్నా శ్రద్ధగా నేర్చుకున్నది ఒకటుంది: పరాయి ఊరివాడినని ఎవరికీ తెలియకుండా తిరగడం. వచ్చిన మొదటి నెలలో దారి అడిగిన పాపానికి ఒక ఆటో అతను నన్ను ఊరంతా తిప్పి, ఎక్కిన చోటికి రెండు వీధుల అవతల దింపాడు. ఆ రోజు నుంచి ఎవరినీ దారి అడగకూడదని నియమం పెట్టుకున్నాను. ఆటో ఎక్కితే దిగే చోటు పేరు ఒక్కటే చెప్పాలి. చాయ్ నిలబడే తాగాలి. భవనాల వైపు తలెత్తి చూడకూడదు. టవర్ సర్కిల్ రద్దీలో ఆగకుండా నడవాలి. ఈ నియమాలన్నీ నాకు పరీక్షలో మార్కులు తెచ్చిన జవాబుల్లా ఇప్పటికీ గుర్తున్నాయి.

మాది ఇచ్చోడ దగ్గరి పల్లె. తాతల కాలం నుంచి మెథడిస్టు సంఘం. బాపు, అంటే నాన్న, ఆదిలాబాద్‌లో పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులో హమాలీ. అమ్మను అవ్వ అని పిలుస్తాం; అవ్వ కౌలుకు తీసుకున్న చెలకలో పత్తి వేసేది. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేను. మా సంఘంలో ఒక ఆచారం ఉంది. పంటలో ముందుగా చేతికొచ్చినదాన్ని అమ్మకుండా, వాడకుండా, కోత పండుగ ఆదివారం చర్చిలో బల్ల ముందు పెడతారు. పెట్టేవారు సంఘం ఎదుట నిలబడి, ఆ ఏడాది తమకు జరిగిన మేలును నోటితో చెప్పాలి. దాన్నే సాక్ష్యం అంటాం. సాక్ష్యం లేకుండా పెట్టింది పెట్టినట్టు కాదని అవ్వ నమ్మకం.

నేను డిగ్రీ పాసయిన ఏడాది, దసరా దాటాక, అవ్వ ఫోను చేసింది.

"మొదటి ఏరుడు పత్తి ఈసారి మన ఊర్ల పెట్టనురా. నువ్వు పోయే గుడిల పెడత. మూడేండ్లు నిన్ను కడుపుల పెట్టుకొని సూసుకున్నది ఆ గుడే గద."

సరేనన్నాను. కానీ అవ్వ గుడి అన్న ఆ కరీంనగర్ చర్చిలో నేను ఒక్కసారి కూడా అడుగుపెట్టలేదు. మొదటి ఆదివారం వీధి మలుపు దాకా వెళ్లాను. ఇస్త్రీ బట్టలతో, కార్లలోంచి దిగుతున్న కుటుంబాలను చూసి, నా చెప్పులు చూసుకుని, వెనక్కి తిరిగాను. ఆ తర్వాత ఆదివారాలు గదిలో చదువుకుంటూ గడిచాయి. "గుడికి పోయినవా?" అని అవ్వ అడిగేది. "పోయొచ్చిన" అనేవాణ్ణి. అబద్ధం ఆడుతున్నట్టు కూడా తోచేది కాదు. అది ఫోను పెట్టేసే ముందు అనే మాట, అంతే.

శనివారం సాయంత్రం బస్సు దిగింది అవ్వ. చేతిలో తెల్ల తువ్వాలలో కట్టిన పత్తి మూట. ఆ రాత్రికి నేను అద్దెకున్న ఇంటి యజమానురాలి గదిలో పడుకుంది. రాత్రంతా నేను ఒక ఉపాయం ఆలోచించాను. ఆరాధన ముగిసి అందరూ వెళ్లిపోయేదాకా అవ్వకు ఊరు చూపించాలి. తర్వాత ఖాళీ చర్చికి తీసుకెళ్లాలి. నన్ను ఎరగనివారు ఉంటేనే కదా నా అబద్ధం బయటపడేది.

పొద్దున్నే బయలుదేరాం. ఆటోలో అవ్వ పక్కనున్నామెను పలకరించింది.

"ఏ ఊరు చెల్లె మీది?"

నేను అవ్వ చెవిలో, "అవ్వా, ఈడ అట్ల అడుగరు" అన్నాను.

"ఎందుకడుగరు?" అవ్వ గొంతు తగ్గించలేదు. "మోకాళ్లకు మోకాళ్లు తాకిచ్చుకోని కూసున్నంక ఊరి పేరు అడుగుతె తప్పా?"

పక్కనున్నామె పకపకా నవ్వింది. "మాది జమ్మికుంట అక్కా. నీ కొడుకా? మస్తు సోకు మీదున్నడు గని, మాట్లాడితె ముత్యాలు రాలిపోతయా ఏంది?"

ఆటోలో అందరూ నవ్వారు. అవ్వ కూడా నవ్వింది. నేను బయటికి చూస్తూ కూర్చున్నాను.

కమాన్ చౌరస్తా దగ్గర చాయ్ ఇప్పించాను. గ్లాసు పట్టుకుని అవ్వ అటూ ఇటూ చూసింది.

"కూసోని తాగుతె ఏమైతదిరా?"

"ఈడోళ్లు నిలబడే తాగుతరు."

"పాపం, గింత పెద్ద ఊర్ల కూసునే జాగ గూడ దొరుకుతలేదా?"

ఒక చేత్తో చాయ్, ఇంకో చేత్తో మూట. నేలమీద పెట్టమంటే ఒప్పుకోలేదు. దేవునికిచ్చేది నేలకు తాకద్దంది. చేతులు మార్చుకుంటూ ఊరంతా మోసింది. నేను పట్టుకుంటానంటే, "నీ అంగికి దూది అంటుతది" అంది.

"యాళ్లయితలేదా బిడ్డా?" అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ ఇంకా సమయముందన్నాను. ఆమెకు గడియారం లేదు. నా మాటే గడియారం.

మానేరు డ్యామ్ కట్ట మీద నిలబెట్టి నీళ్లు చూపించాను. చూసింది కానీ ఆమె పెదవులు కదులుతున్నాయి. దగ్గరికి జరిగి విన్నాను. సాక్ష్యం వల్లె వేసుకుంటోంది. "మా పెద్దలందరు ఏలుముద్రలే ఏసిన్రు. మా ఇంట్ల మొదటి డిగ్రీ నా కొడుకుది. వాన్ని సల్లంగ సూసిన ఈ సంఘానికి..." అక్కడ ఆగి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. అప్పుడైనా చెప్పి ఉండవలసింది. ఇంకా సమయం ఉంది. నేను ఆమెకు పల్లీలు కొనిచ్చాను.

పన్నెండున్నరకు చర్చి ముందు ఆటో దిగాం. ఇన్నేళ్లు వచ్చే పోయే ఆటోల్లోంచి నేను చూసిన పెద్ద ఇనుప గేటు అది. సొంత ఇంటి గేటులాగా నేరుగా వెళ్లి తోశాను. గొలుసు వేసి ఉంది. మళ్లీ తోశాను. ఆవరణ ఊడుస్తున్న పెద్దాయన చీపురు పట్టుకునే వచ్చాడు.

"గా గేటు తియ్యరయ్యా. ఎన్నో ఏండ్ల సంది మూసే ఉన్నది. అందరు పక్క సందుల గేటుకెళ్లే వస్తరు. కొత్తోళ్లా?"

అవ్వ నా వైపు చూసింది. ఒక్కసారే. తర్వాత ఆయన వైపు తిరిగింది.

"అవునయ్యా. కొత్తోళ్లమే. ఇచ్చోడ దిక్కు నుంచి వచ్చినం."

"అయ్యో, ఇయ్యాల్నే కోత పండుగ ఉండె గదమ్మా! జర ముందుగాల రాకపోతిరి? పాస్టరు అయ్యగారు గూడ ఇప్పుడే పోయిండు. దూరం నుంచి తెచ్చినవు, ఫికర్ చెయ్యకు, లోపట పెట్టిపో. నేను చెప్త."

"వద్దయ్యా. వినెటోళ్లు లేనిది ఎట్ల పెట్టాలె?"

పక్క సందులోకి నడిచి, ఆ చిన్న గేటు ముందు కొంగు తలమీద కప్పుకుని, కళ్లు మూసుకుని నిలబడింది. తర్వాత మూటను మళ్లీ చంకనెత్తుకుంది.

నేను ముందు నడిచాను, ఆమె వెనక. నాలుగు రోడ్ల కూడలి వచ్చాక చూస్తే పక్కన లేదు. వెనక ఒక పండ్ల బండి దగ్గర నిలబడి, "బస్టాండుకు తొవ్వ గిట్లనేనా అయ్యా?" అని అడుగుతోంది. నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. బండి అతను కుడివైపు సందు చూపించాడు. నాకు తెలియని దారి అది. ఐదు నిమిషాల్లో బస్టాండులో ఉన్నాం.

బస్సు కిటికీలోంచి, "టైముకు తిను" అంది. చర్చి మాట ఎత్తలేదు. కోప్పడితే బాగుండేది, నేను క్షమాపణ అడగడానికి వీలు దొరికేది. అడగకుండా ఉండటానికి నాకు ఆ సాకు చాలింది.

తర్వాతి నెలలో ఊరికి వెళ్లాను. మా చర్చిలో పండుగ ఎప్పుడో అయిపోయింది. అయినా ఆ ఆదివారం అవ్వ లేచి, మూటను బల్ల ముందు పెట్టింది. అన్నాళ్లు కట్టి ఉంచడంతో పత్తి అణిగిపోయి గడ్డలా ఉంది. నేను బెంచీ చివర కూర్చుని ఉన్నాను.

"నా కొడుకు నాకు కరీంనగరంత తిప్పి సూపెట్టిండు" అంది అవ్వ. "ఒక్కలను గూడ తొవ్వ అడుగలే. దేవునికి స్తోత్రం."

సంఘమంతా స్తోత్రం అంది. డిగ్రీ మాట వస్తుందని నేను ఎదురుచూశాను. అవ్వ వచ్చి తన చోట కూర్చుంది.

ఇప్పుడు నాకు ఆదిలాబాద్‌లో ఉద్యోగం. ఆదివారాలు నిజంగానే చర్చికి వెళ్తున్నాను. ఒకసారి ఆఫీసు పనిమీద కరీంనగర్ వెళ్లినప్పుడు పక్క సందు గేటు నుంచి ఆ చర్చిలోకి కూడా వెళ్లాను. ఈసారి తొలి పత్తి అక్కడ పెడదాం రమ్మని అవ్వను పిలిచాను. "మోకాళ్లు నొస్తున్నయిరా, అంత దూరం కూసోలేను" అంది.

ఫోనులో అవ్వ ఇప్పటికీ అన్నీ అడుగుతుంది. జ్వరం తగ్గిందా, కూర ఎవరు వండారు, మీ సారు మంచోడేనా అని. గుడికి పోయినవా అని మాత్రం అడగదు. అడగకపోయినా నేనే చెబుతాను.

"గుడికి పోయొచ్చిన అవ్వా."

"మంచిది బిడ్డా" అంటుంది. అని, కూర సంగతి అడుగుతుంది.