నిలబెట్టాల్సిన ముక్క

ఆస్పత్రి నేలమాళిగలో, మైనం వాసన కొట్టే గదిలో, ఇరవై ఆరేళ్లుగా మనుషుల్ని పొరలు పొరలుగా కోస్తున్న మనిషి ఆమె. ఆపరేషన్లలో తీసిన ముక్కలు సీసాల్లో వస్తాయి. వాటిని కరిగిన మైనంలో పెట్టి, దిమ్మగా గట్టిపడ్డాక యంత్రం చక్రం తిప్పుతూ వెంట్రుకలో ఇరవయ్యో వంతు మందాన కోసి, గోరువెచ్చటి నీళ్లలో తేల్చి, గాజు పలక మీదికి ఎత్తుతుంది. దానికి రంగు పట్టించాక డాక్టర్లు సూక్ష్మదర్శినిలో చూసి జబ్బుకు పేరు చెబుతారు. మంచి పేరు కూడా వాళ్లకే వస్తుంది. ఆమెకు దక్కిన పేరు పొరలక్క.

యాభయ్యో ఏట ఆమె వేళ్లు ఎదురు తిరిగాయి. పొద్దున లేచేసరికి కణుపులు ఉబ్బి, పిడికిలి బిగుసుకోదు. పేస్టు మూత తిరగదు. పదిన్నర దాటాక మెల్లగా సడలి, మధ్యాహ్నానికి ఎప్పటి చేతులే. దేహమే దేవాలయమని బోధించే పెద్దలకు కొదవలేదు గానీ, వాళ్లలో ఎవరూ చొక్కా బొత్తాం దగ్గర ఓడిపోయి మంచం మీద కూలబడిన దాఖలా లేదు.

"నీ చేతులు గవర్నమెంటు ఆఫీసులా ఉన్నాయే. పదకొండైతే గాని తెరుచుకోవు," అన్నాడు లిఫ్టులు బాగుచేసే ఆమె మొగుడు.

"నవ్వించకు. దువ్వెన జారుతుంది."

ఇదేమిటో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. కీలు లోపలి గోడకు ఒక పొర ఉంటుంది. ఒంట్లో అంతా బాగున్నప్పుడు దాని మందం ఒకటి రెండు కణాలే. కీలు సాఫీగా కదలడానికి జారుడు నీరు ఊరించడం, ఎముకల చివర ఉండే నున్నటి తొడుగుకు తిండి అందించడం దాని పని. ఒంటికి కాపలా కాయాల్సిన కణాలు మతి తప్పి అందులోకి చొరబడితే, ఆ పొర పొంగి, పది వరసలై, తాను సాకిన తొడుగునే కొరుక్కుంటూ ఎముకలోకి దిగుతుంది. ఎందుకలా చేస్తుందో పూర్తిగా తెలిసినవాళ్లు లేరు. కంచే చేను మేయడమంటే అక్షరాలా ఇదే. అలాంటి పొరలు ఆమె కొన్ని వందలు కోసింది. ఇప్పుడు తన కీళ్లలోనే మేత మొదలైంది.

ఆమె అడిగింది ఒక్కటే: ఏడు గంటల షిఫ్టు మార్చి పదకొండుకి వేయమని. అది కుదరకపోతే యంత్రం వదిలి, సీసాలకు చీటీలు అంటించే బల్ల దగ్గరికి పోవాలి. చేతిలో ఉన్న విద్య అంతా ఆ చక్రం దగ్గరే ఉంది.

"రక్తపరీక్షలో ఏమీ లేదుగా?" అన్నాడు సూపరింటెండెంటు. ఈ జబ్బున్నా రక్తంలో జాడ దొరకనివాళ్లు ఉంటారు. ఆ సంగతి ఆయన ఫైలుకు తెలియదు. దాంతో, వేళ్లతో పాటే ఉబ్బిన ఆమె మోకాలిలోంచి సూదితో బియ్యపు గింజలంత ముక్కలు ఆరు తీశారు.

అవి ఆమె గదికే వచ్చాయి. ఎవరి ముక్క వాళ్లు కోసుకోకూడదని నియమం. కోసింది చెల్లి. అంటే తోడబుట్టింది కాదు, పన్నెండేళ్ల కిందట కత్తెర పట్టడం కూడా రాకుండా చేరి, పని మొత్తం పొరలక్క దగ్గర నేర్చుకున్న అమ్మాయి. రెండేళ్లుగా రోజూ పొద్దున అక్క తెల్లకోటుకు బొత్తాలు పెట్టేదీ ఆ పిల్లే.

రిపోర్టు వచ్చింది: పొర కనబడలేదు, ఏమీ చెప్పలేము.

పొరలక్క మైనం దిమ్మను కిటికీ వెలుగుకు పట్టి చూసింది. ఒక్క చూపు చాలింది. ముక్కలన్నీ పడుకుని ఉన్నాయి. పొర ఉన్న ముక్కను మైనంలో నిలబెట్టాలి. పుస్తకాన్ని అట్ట పైకి పెట్టి చెక్కితే ముందు పోయేది అట్టే. నిలబెట్టి కోస్తే అట్టా కనబడుతుంది, లోపలి కాగితాలూ కనబడతాయి. చెల్లికి మొదటి వారంలో నేర్పిన పాఠం ఇది.

"పడుకోబెట్టావేం?"

"తొందరలో ఒరిగిపోయుంటాయి అక్కా."

"ఆరుకి ఆరూనా? మాట్లాడుకుని ఒరిగాయా?"

చెల్లి అప్పటికే శుభ్రంగా ఉన్న పట్టకారును మళ్లీ తుడిచింది. "నువ్వు పదకొండుకి వస్తే పొద్దుటి సీసాలన్నీ నా నెత్తినేగా. నా గురించి ఎవరన్నా ఆలోచించారా?"

గురుశిష్య బంధం గురించి సభల్లో చెప్పేవాళ్లు ఈ పట్టకారు తుడవడం చూడాల్సింది. పొరలక్క దిమ్మ పట్టుకుని మెట్లెక్కి పెద్ద డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది.

"కరిగించి మళ్లీ పెడతాను. మీరు ఎదురుగా కూర్చోండి," అంది.

"నియమం?"

"అందుకేగా కూర్చోమంటున్నా."

మూడు గంటలకు వేళ్లు మాట విన్నాయి. రెండు ముక్కలకు అంచున ఇంకా పొర మిగిలి ఉంది. వాటిని లేపి నిలబెట్టి కోసింది. రంగు పట్టాక డాక్టరమ్మ చాలాసేపు చూసి, కుర్చీ జరిపి చోటిచ్చింది. "పది వరసలుంది. కింద కాపలా కణాలు దండు దిగాయి. నువ్వే చూసుకో."

గులాబీ, నీలం రంగుల్లో చూడముచ్చటగా ఉంది. అదే ఆమె ఒళ్లు మండించింది.

సూపరింటెండెంటు ముగ్గురినీ తన గదికి పిలిపించి, రిపోర్టు చదివి, కోసింది ఎవరో కూడా చదివాడు. "ఇంత సన్నగా కోసిన చేతులకు జబ్బంటే నన్ను నమ్మమంటారా?"

"అది మూడింటికి కోశానండి. ఏడింటికి కోయలేను. పొద్దున నాకు బొత్తాలు పెట్టేది ఈ పిల్లే. అడగండి."

చెల్లి నేల చూసింది. "ఎప్పుడో ఒకసారి సాయం చేశాను సార్. రోజూ అంటే... నేను గమనించలేదు."

నొప్పి అలవాటైన పొరలక్కకు ఇది కొత్త చోట తగిలింది. కీలులో పొర ఎదురు తిరిగినా, కనీసం అది తెలిసి చేసింది కాదు.

"అయితే రేపు ఏడింటికి మీరే వచ్చి చూడండి," అంది డాక్టరమ్మ.

"ఏడింటికా?" అన్నాడు సూపరింటెండెంటు, జబ్బు తనకే వచ్చినట్టు.

వచ్చాడు. కళ్లు నలుపుకుంటూ గోడవార కుర్చీలో కూర్చున్నాడు. పొరలక్క కోటు తొడుక్కుని, మొదటి బొత్తాం పట్టుకుంది. జారింది. మళ్లీ పట్టుకుంది. గడియారంలో నాలుగు నిమిషాలు గడిచాయి, బొత్తాం కన్నం దాకా రాలేదు. చెల్లి తన బల్ల దగ్గర తల ఎత్తలేదు. ఆరో నిమిషానికి బొత్తాం వేలి కణుపుకు గుచ్చుకుని పొరలక్క "స్స్" అంది.

చెల్లి లేచింది. ఆలోచించి లేచిన లేవడం కాదది. ఎదురుగా వచ్చి కింది బొత్తాంతో మొదలుపెట్టి, చూడకుండానే అయిదూ పైదాకా పెట్టేసి, కోటు లోపల ఇరుక్కున్న జడను బయటికి లాగి, కాలరు సర్దింది. అంతా పది క్షణాల్లో. అప్పుడు గుర్తొచ్చింది గదిలో ఎవరున్నారో. చేతులు కాలరు మీదే ఆగిపోయాయి.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు సూపరింటెండెంటు.



"రెండేళ్లు," అంది పొరలక్క, ఆ చేతుల్ని మెల్లగా కిందికి దించుతూ.

సోమవారం నుంచి పదకొండు గంటల షిఫ్టు. కోటు బొత్తాలు తానే పెట్టుకుంటోంది. చెల్లి ఇప్పటికీ అక్కా అనే పిలుస్తుంది, ఆమె పలుకుతుంది. పొద్దున వచ్చే సీసాల్లో పొర ఉన్న ముక్కలు మాత్రం ఆమె వచ్చేదాకా అలాగే ఆగుతాయి. వాటిని మైనంలో నిలబెట్టే పని ఇక ఎవరికీ ఇవ్వడం లేదు.