ఉప్పు తిన్న అక్రోట్ చెట్టు

ఇత్తోకు ముందు పళ్లు రెండు లేవు. ఎవరైనా అడిగితే, "చెట్టుకిచ్చాను" అనేది. ఆ మాటలో అబద్ధం లేదు.

ఆమె భర్త బస్సూకు కొండకాలువ పక్కన ఒక పెద్ద అక్రోట్ చెట్టు ఉండేది. ఆ ఏడాది కాయల మీద పచ్చతోలు ఇంకా విడవకముందే, నడివేసవిలోనే, ఆకులు అంచుల నుంచి లోపలికి గోధుమరంగు తిరిగాయి. కాలువకు దిగువనున్న పొరుగువాడు మిమూన్ చెట్టు మాత్రం నవనవలాడుతోంది. బస్సూకు అంతకన్నా సాక్ష్యం అక్కర్లేకపోయింది.

"నా వంతు నీళ్లు నీ మడవలోకి తిప్పుకుంటున్నావురా."

"నీ చెట్టుకు ముసలితనం వచ్చిందేమో, నీకు మల్లే" అన్నాడు మిమూన్, ఎగువన కాలువలో మట్టి తోడుతూనే.

బస్సూ పార ఎత్తి ఒక్క వేటు వేశాడు. మిమూన్ కుడిచేతి వేళ్లు రెండు తెగి కాలువలో పడ్డాయి. ఆ పూట నీళ్ల వంతు బస్సూదే కావడంతో అవి కొట్టుకుపోయి అతని చెట్టు కింది మడిలోకే చేరాయి.

మర్నాడు మిమూన్ తమ్ముళ్లు వచ్చి బస్సూ పొట్టేలును గుమ్మంలోనే కోసి పోయారు. మూడోనాడు మిమూన్ వాళ్ల బార్లీ కుప్ప తగలబడింది. ఇక మనుషులు చస్తారని పెద్దలు అడ్డుపడ్డారు. శుక్రవారం దర్గా దగ్గర మిమూన్ తన వాళ్లు తొమ్మిదిమందితో కలిసి, నీళ్లు దొంగిలించలేదని ప్రమాణం చేయాలి. తొమ్మిదిలో ఒక్కడు తగ్గినా అతను నీళ్ల దొంగే. వంతు పోతుంది, దాంతో పొలమూ పోతుంది.

బస్సూ ఆ తొమ్మిదిమందిలో ఒక ముసలివాడి ఇంటికి వెళ్లి, "నువ్వు దర్గా మెట్టెక్కితే నీ కంచరగాడిదకు కాళ్లుండవు మామా" అని చెప్పి వచ్చాడు. ఆ సంగతి ఇత్తో చెవిన పడింది.

గురువారం పొద్దున గొర్రెలను చెట్టు కిందికి తోలింది. అక్కడ ఒక చప్టారాయి మీద రాతి ఉప్పు గడ్డ ఉంటుంది. ఉప్పు పెడితే గొర్రె కదలదు, కదలకపోతే ఎరువంతా చెట్టుకే. వాళ్లమ్మ అలాగే చేసేది, అత్తా అలాగే చేసేది. ఆ రోజు ఒక గొర్రె గడ్డను వదిలి వేరు పక్క నేలను నాకుతోంది. ఇత్తో వంగి చూసింది. మట్టి మీద తెల్లని పొర. చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది.

అంతకుముందైతే చలికాలపు మంచు కరిగి ఆ ఉప్పునంతా కడిగేసేది. మూడేళ్లుగా మంచు సరిగ్గా పడలేదు. ఆ ఉప్పంతా తను పెట్టిందే. చెబితే బస్సూ ఏం చేస్తాడో ఇత్తోకు తెలుసు. చెప్పకపోతే ఏం జరుగుతుందో ఊరందరికీ తెలుసు.

శుక్రవారం దర్గా ముందు ఎనిమిదిమందే నిలబడ్డారు. ముసలివాడు రాలేదు. మిమూన్ కట్టుకట్టిన చెయ్యి గుండెకు ఆనించుకుని దారివైపు చూస్తున్నాడు.

"ఇక వేచి ఉండేదేముంది" అన్నాడు బస్సూ.

ప్రమాణం చేసే చోటికి ఆడవాళ్లు రారు. ఇత్తో వచ్చింది. కొంగులోని మట్టిగడ్డను ఊరిపెద్ద చేతిలో పెట్టింది.

"చెట్టు మొదట్లోది పెద్దయ్యా. నాలుక పెట్టి చూడు. నీళ్లు ఎవరూ దొంగిలించలేదు. నా చేత్తో నేనే ఉప్పు తినిపించాను."

పెద్దాయన నాలుక పెట్టాడు, ఉమ్మేశాడు, గడ్డను పక్కవాడికిచ్చాడు. గడ్డ చేతులు మారుతుండగానే బస్సూ పారకర్ర ఇత్తో నోటి మీద పడింది. పళ్లు గడప మీద రాలాయి. మరో దెబ్బ పడకుండా మిమూన్ తమ్ముళ్లే బస్సూను కింద పడేసి, మోకాళ్లతో అదిమిపెట్టి, అతను కదలడం మానేదాకా కొట్టారు. పెద్దలు ఆపడానికి తొందరపడలేదు.

ఇత్తో నోటికి కొంగు అడ్డుపెట్టుకుని గోడవారన కూర్చుంది. మిమూన్ ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఆ ఉప్పు కడగాలంటే మీ వంతు నీళ్లు చాలవు కదా వదినా."

ఆమె తల అడ్డంగా ఊపింది.

"నా వంతు కూడా మూడు తడులు వదుల్తా. మీ ఆయన కోసమని అనుకోకు. నా వేళ్లు ఆ చెట్టు కిందే ఎక్కడో ఉన్నాయి, వాటి కోసం."

మరుసటి ఏడాది ఆకులు చలి వచ్చేదాకా పచ్చగానే ఉన్నాయి. చప్టారాయిని ఇత్తో ఒక్కతే దొర్లించుకుపోయి బండనేల మీద పడేసింది. ఆ చెట్టు కాయలను బస్సూ బతికినన్నాళ్లూ ముట్టలేదు. ఇత్తో మాత్రం ఒక్కొక్కటే పగలగొట్టుకుని, పక్కపళ్లతో నిదానంగా నమిలి తినేది.