ఎర్ర కాంటెస్సా లోపలి లైటు

పాసయ్యాను! డిగ్రీ పాసయ్యాను!

పొద్దున సిరిసిల్ల బస్టాండులో పేపరు కొని నా నంబరు చూశాను. నమ్మకం కుదరలేదు. పక్కనున్న కండక్టరు చేతికిచ్చి చదవమన్నాను. ఆయనా అదే నంబరు చదివాడు. ఇంటికి ఉరికాను. మా ఇంట్లో, బాపు వైపు గానీ అవ్వ వైపు గానీ, కాలేజీ మెట్టెక్కిన మొదటి మనిషిని నేనే మరి!

మరమగ్గాన్ని మేం సాంచె అంటాం. ఆ సాంచెల చప్పుడులో బాపుకు నా మాట వినబడలేదు.

"పాసైన బాపూ!"

"ఏంది? పోగు తెగిందా?"

"డిగ్రీ! పాసైన!"

బాపు చెయ్యి చాపి సాంచె ఆపాడు. నేను పుట్టిననాడు కూడా ఆగలేదట ఆ సాంచె. "అయితే ఇయ్యాల బంద్ పెడుదాం తీ," అన్నాడు. అంతే. మొహం తిప్పుకొని కండువాతో తుడుచుకున్నాడు.

ఇంత సంతోషంలో... ఒక్క మనిషికి మాత్రం ఫోన్ చేయడానికి నా చెయ్యి ఆడడం లేదు. ఎందుకో చెప్పాలంటే ఆ రాత్రి సంగతి చెప్పాలి. కథ అనుకోకండి. అన్నం పెట్టే సాంచె మీద చెయ్యి వేసి చెప్తున్నాను... నేను ఆ కారులో ఉన్నాను. నా కళ్లతో చూశాను.

అమ్మను మేం అవ్వ అంటాం. అవ్వ తమ్ముడు రాజేశం మామ. నాలుగు సాంచెలున్న ఆసామి. మనిషికి కార్ల పిచ్చి. ఎక్కడో హైదరాబాదులో ఎవరో వాడి పక్కన పెట్టిన కాంటెస్సా కొని తెచ్చాడు. పొడుగు మూతి, ముందు నాలుగు లైట్లు, సోఫాల్లాంటి సీట్లు. మా బజారులో పిల్లలు దానికి ఓడ అని పేరు పెట్టారు.

"ఇంట్ల ఫ్యాను తిరుగది గని, వీనికి ఏసీ కారు గావాల్నట," అని అవ్వ తిట్టేది.

"అక్కా, ఫ్యాను ఊరు దాటది. ఇది దాటుతది," అనేవాడు మామ.

ఆ కారుకు ప్రాణం పోసింది కోరుట్ల జలీల్ భాయ్. కరెంటు పని, ఇంజను పని, రంగు పని... అన్నీ ఆయన చేతిలోనే. ఆదివారం వస్తే ఆయన షెడ్డు ముందు బండ్ల జాతర. ఒకరిది ఫియట్టు, ఒకరిది జీపు, మామది కాంటెస్సా. బానెట్లు ఎత్తి, చాయ్‌లు తాగుతూ పొద్దంతా ముచ్చట్లే. మెచ్చుకోవడం మాత్రం ఉండదు. "రాజన్నా, నీ సైలెన్సరు గొంతు వట్టిన మేక లెక్క అరుస్తుంది," అన్నారంటే అదే పెద్ద మెప్పు. సెలవుల్లో నేనూ పోయేదాన్ని. ఏ బండిది ఏ చప్పుడో కళ్లు మూసుకొని చెప్పేదాన్ని. జలీల్ భాయ్ నవ్వేవాడు. "ఈ బేటీ మిస్త్రీ కావాల్సింది, సదువు పాడు చేసింది."

వాళ్లలో ఒక కట్టుబాటు ఉండేది. ఒకరి బండికి ఒకే మిస్త్రీ. ఆయన చేసిన పనిని తీసుకుపోయి ఇంకో మిస్త్రీకి చూపించి "ఇది సక్కగున్నదా?" అని అడగకూడదు. అడిగితే చెంప మీద కొట్టినట్టే.

ఆ కారును మామ, భాయ్ కలిసి మెల్లమెల్లగా మార్చారు. కిందికి దించారు. ఎర్ర రంగు వేశారు. అద్దాలకు నల్ల కాగితం అంటించారు. టేపురికార్డరు పెట్టారు. చివరికి మిగిలింది లోపలి పైకప్పు. దానికి బజారులో దొరికే రెక్సిన్ వద్దన్నాడు మామ.

"నేసేటోని బండికి కొనుక్కచ్చిన బట్టనా?"

ఇంటి వెనక తాత కాలపు చేతిమగ్గం ఉంది. దాని మీద నేశాడు. మెరూన్ రంగు, సన్నటి పసుపు చారలు. కప్పు మొత్తానికి ఒకటే ముక్క... అతుకు లేదు. నూలు కండెలు చుట్టింది నేను. ఒక చోట పోగు తెగితే ముడి వేసిందీ నేనే. ఆ ముడి కొద్దిగా ఉబ్బి కనిపించేది. విప్పి మళ్లీ వేస్తానంటే మామ ఒప్పుకోలేదు. "ఉండనియ్ కోడలా. నువ్వు డిగ్రీ అయినంక గిది సూపిచ్చి సెప్త."

ఆ బట్ట బిగించడానికి జలీల్ భాయ్ సిరిసిల్ల వచ్చాడు. నా ఆఖరి పరీక్షకు ముందు రోజు.

"రాజన్నా, ఈడ లైటుకు బొక్క కొయ్యాలె," అన్నాడు కప్పు మధ్యలో వేలు పెట్టి.

"బట్టకు కత్తెర వెడ్తవా? నా చెయ్యి కొయ్యి, గది మాత్రం కొయ్యకు."

"మరి లోపల చీకటే."

"కార్ల కూసోని బీడీలు జేస్తమా ఏంది? తీసెయ్ లైటు."

భాయ్ తల ఊపి స్విచ్చు తీసేశాడు, బుగ్గ ఊడదీశాడు. మేం బల్బును బుగ్గ అంటాం. వేలెడంత గాజుగొట్టం. దాన్ని గుడ్డ పేలికలో చుట్టి పనిముట్ల సంచిలో వేసుకున్నాడు. రెండు వైర్ల కొసలకు నల్ల టేపు చుట్టాడు. బట్టను పైకి లాగి అంచులు బిగించాడు. నేను పక్కనే సంచి పట్టుకొని నిలబడ్డాను. అన్నీ చూశాను. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఆ సాయంత్రమే కబురొచ్చింది. రేపు బంద్. అన్నలు, అంటే నక్సలైట్లు, పిలుపిచ్చారు. బస్సులన్నీ డిపోలోకి పోయాయి. నా పరీక్ష పొద్దున జగిత్యాలలో. వాయిదా పడిందని రేడియోలో చెప్తారేమోనని చెవులు రిక్కించి కూర్చున్నాను. చెప్పలేదు. అది అంతకు ముందు ఏడాది తప్పిన పేపరు. ఈసారి కూడా పోతే ఇక బీడీలు చుట్టాల్సిందేనని అవ్వ ముందే చెప్పేసింది.

నేను ఏడవలేదు. గడప దగ్గర పుస్తకం పట్టుకొని ఊరికే కూర్చున్నాను. మామ చూశాడు. తాళంచెవి తీశాడు.

"లే కోడలా. రాత్రికి కోరుట్ల పోదాం. జలీలు ఇంట్ల పండుకుందాం. తెల్లారకముందే జగిత్యాల చేరుకుంటవ్."

"కొత్త కప్పు ఎట్ల కుదిరిందో నాకు గూడ జూడాల్నని ఉన్నది," అన్నాడు భాయ్.

బయలుదేరాం. మామ బండి నడుపుతున్నాడు. పక్కన జలీల్ భాయ్. వెనక నేను ఒక్కదాన్నే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా దిక్కు రాత్రిపూట బండి నడిపేవాళ్లందరికీ ఒక అలవాటు. మలుపుల దగ్గర, మోరీల దగ్గర, అంటే కల్వర్టుల దగ్గర, ఎవరైనా ఉన్నట్టు అనుమానం వస్తే... పెద్ద లైట్లు దించాలి. లోపలి లైటు వేయాలి. అడ్డం నిలబడ్డది పోలీసులు కానీ, అన్నలు కానీ... లోపల ఎవరున్నారో వాళ్లకు కనబడాలి. కనబడకపోతే ఏమవుతుందో ఎవరూ పైకి అనరు. లారీవాళ్లకు తెలుసు. పాలబండివాళ్లకు తెలుసు. మామకు మా అందరికంటే బాగా తెలుసు.

తెలిసి కూడా... బట్టకు చిల్లు పడుతుందని లైటు తీయించాడు. నేసేవాడి బుద్ధి. ఆ బట్ట ముందు ఆయనకు రాత్రి గుర్తు రాలేదు.

వేములవాడ దాటాం. చందుర్తి దాటాం. బండి నీళ్ల మీద పోయినట్టు పోతోంది. మామ హుషారుగా ఉన్నాడు. "ఇన్నవా జలీలూ? ఒక్క గిర్రుమన్న సప్పుడు లేదు!" నేను కప్పు మీద చెయ్యి పెట్టి, తడిమి, నా ముడి వెతుక్కున్నాను. దొరికింది. సరిగ్గా నా తల ముందు.

రుద్రంగి దాటాక ఇళ్లు లేవు. రెండు పక్కలా చెట్లు. కథలాపూర్ ఇంకా రాలేదు.

దూరంగా మోరీ గోడ తెల్లగా కనబడింది. దాని పక్కన... ఒక టార్చిలైటు. పైకీ కిందికీ ఊగింది. ఆరింది. మళ్లీ ఊగింది.

మామ పెద్ద లైట్లు దించాడు. అలవాటుగా చెయ్యి పైకి పోయింది. స్విచ్చు కోసం.

చేతికి బట్ట తగిలింది.

"జలీలూ..." అన్నాడు మామ. "లైటు..."

"లేదు గద రాజన్నా."

"అయ్యో..."

బండి ఆగింది. మామ ఇంజను ఆపాడు. నల్ల అద్దాలు. లోపల మా మొహాలు మాకే కనబడడం లేదు. బయట నుంచి చూస్తే... కిందికి దిగిన ఎర్ర బండి, నల్ల అద్దాలు, లోపల చీకటి. బంద్ ముందు రాత్రి. ఎవరి బండి అనుకుంటారు?

వేడెక్కిన ఇంజను టిక్... టిక్... అంటోంది. కీచురాళ్లు. ఆ తర్వాత... కీచురాళ్లు కూడా ఆగిపోయాయి.

కంకర మీద అడుగులు. తొందర లేదు. ఒక అడుగు... ఇంకో అడుగు... నా పక్క తలుపు దగ్గర ఆగాయి. ఇనుపది ఏదో అద్దానికి ఆనింది. గట్టిగా కాదు. చిన్నగా... టక్.

"అద్దం దించుతున్న అన్నా... దించుతున్న..." అంటూ మామ తడుముతున్నాడు. చీకట్లో పిడి దొరకడం లేదు.

అప్పుడు...

పైన... ఏదో కదిలినట్టు చప్పుడు. పోగు మీద పోగు రాసుకున్నట్టు. చాలా సన్నగా. నేను తల ఎత్తాను.

కప్పు ఎర్రబడుతోంది.

ఒక్కసారిగా కాదు. కందిలి వత్తి పెంచుతున్నట్టు... మెల్లగా... మెల్లగా... బట్ట వెనక నుంచి వెలుగు. పసుపు చారలు ఒక్కొక్కటే తేలాయి. పోగులన్నీ విడివిడిగా కనబడ్డాయి. నడుమ నా ముడి... నల్లటి చుక్కలా. మామ మెడ ఎర్రగా. భాయ్ టోపీ ఎర్రగా. నా ఒడిలో పుస్తకం మీద అక్షరాలు... చదవచ్చు. నిజంగా చదవచ్చు.

అప్పటికి మామ పక్క అద్దం దిగింది. బయట మనిషి మొహం కనబడలేదు. గొంతు మాత్రమే.

"ఎన్క ఆడివిల్ల ఉన్నదిరా," అంది ఆ గొంతు, వేరే ఎవరితోనో. తర్వాత మాతో... "ఏడికి?"

"పరీక్షకు అన్నా," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలీదు. పుస్తకం ఎత్తి చూపించాను.

"మంచిగ రాయి చెల్లె. పొండ్రి... లోపలి లైటు ఆపుకోని పొండ్రి."

ఆపుకోవడానికి స్విచ్చు ఎక్కడుంది? మామ ఏం చేయాలో తోచక ఊరికే చెయ్యి పైకెత్తాడు. వేలు బట్టకు తగిలింది... అంతే.

ఆరిపోయింది.

కోరుట్ల చేరాం. షెడ్డులోకి పోగానే మామ కత్తెర అడిగాడు. పొద్దున చెయ్యి కొయ్యమన్న మనిషి... తన చేత్తో తానే ఆ బట్ట కోశాడు. సరిగ్గా నడుమ. నా ముడి పక్క నుంచి.

లోపల రెండు వైర్లు. నల్ల టేపు చుట్టినవి చుట్టినట్టే ఉన్నాయి. బుగ్గ లేదు. కాలిన మచ్చ లేదు. ఏమీ లేదు.

జలీల్ భాయ్ సంచి తెరిచి పేలిక విప్పాడు. బుగ్గ అందులోనే ఉంది. నా అరచేతిలో పెట్టాడు. వెచ్చగా అనిపించింది. కానీ నా చెయ్యే చల్లబడి ఉందేమో... ఇప్పటికీ చెప్పలేను.

"నువ్వే ఏదో వెట్టినవ్ జలీలూ. నాకు సెప్పకుంట ఇంకో లైటు వెట్టినవ్."

"అల్లా కసమ్ రాజన్నా. నీ ముంగటనే తీస్తి గద?"

"మరి ఎట్ల ఎలిగింది?"

"నాకేం ఎరుక? బతికినం. చాలదా?"

మామకు చాలలేదు. నేను తెల్లవారి పరీక్ష రాశాను. బాగా రాశాను. నేను లోపల రాస్తుంటే... మామ ఊరికే ఉండలేక, బంద్ రోజున కూడా ఎవరిదో తలుపు కొట్టి, ఇంకో మిస్త్రీకి బండి చూపించాడు. జలీల్ భాయ్ వేసిన వైర్లన్నీ విప్పించి చూపించాడు. ఆ మిస్త్రీ "పని సక్కగనే ఉన్నది, ఏం కొదువ లేదు," అన్నాడట.

ఆ మాట కోరుట్ల చేరడానికి ఎంతసేపు?

తర్వాతి ఆదివారం మామ షెడ్డుకు పోతే భాయ్ చాయ్ పోశాడు. బానెట్ ఎత్తలేదు. "ఇగ ఆయననే సూస్కోమను రాజన్నా. ఆయన పాస్ జేసిండు గద నన్ను," అన్నాడట. మామ చాయ్ తాగకుండా వచ్చేశాడు. మళ్లీ పోలేదు. మెల్లగా ఆదివారాల జాతరే ఆగిపోయింది. కాంటెస్సా చాలా రోజులు సాంచెల షెడ్డు వెనక, మీద బట్ట కప్పుకొని ఉంది. తర్వాత నిజామాబాదు దిక్కు ఎవరికో అమ్మేశాడు. పెళ్లిళ్లకు తిప్పుతున్నారట. కోసిన కప్పు కుట్టించారో లేదో.

ఆ లైటు వెలగకపోతే నేను ఇవాళ ఉండేదాన్నో లేదో. కానీ వెలిగినందుకు ఇద్దరు దోస్తులు చీకట్లో పడ్డారు. ఏ పుస్తకంలో వెతికినా ఆ లైటు ఏంటో దొరకలేదు. అది బట్టా... భాయ్ చేతి గుణమా... ఆ మోరీ దగ్గర ఉన్నదా... నాకు తెలీదు.

మామకు చెబుదామని ఇందాక ఆయన సాంచెల షెడ్డుకే పోయాను. కేక పెట్టినంత పని చేశాడు. అక్కడున్న అందరికీ చాయ్ తెప్పించాడు. తర్వాత ఉన్నట్టుండి గొంతు తగ్గించాడు.

"కోరుట్లకు ఫోన్ జేసినవా కోడలా?"

"ఇంక లేదు మామా."

"చెయ్యి. పాసైన అని చెప్పు. నేను పక్కకే ఉన్న అని చెప్పు... వద్దు తీ. ఏం చెప్పకు." మళ్లీ తనే అన్నాడు, "ఎట్లున్నడో అడుగు."

ఎస్టీడీ బూతు ముందు నిలబడి ఉన్నాను. ఇంకా చేయాల్సినవాళ్లు...

జగిత్యాలలో హాస్టల్ వార్డెనమ్మ.

మల్యాలలో నా దోస్తు రజిత. వాళ్లింట్లో ఫోన్ లేదు, పక్క కిరాణా దుకాణానికి చేసి పిలిపించాలి.

కథలాపూర్‌లో చిన్నమ్మ.

మోరీ దగ్గర "మంచిగ రాయి చెల్లె" అన్న గొంతు... దానికి నంబరు లేదు.

కోరుట్లలో జలీల్ భాయ్.