పేరుతో సహా రాయాల్సిన వార్త

గుంటూరులో మిషన్ బడి తెలుగు పంతులు జక్రయ్య మాస్టారు, ఎనభై ఆరులో ఆదివారాలు చర్చి గదిలో కుర్రకారుకి వార్తలు రాయడం నేర్పేవాడు. ఎవరు చేశారో చెప్పని వార్త వార్తే కాదన్నది ఆయన మొదటి పాఠం. చెప్పి ఊరుకునే రకం కాదు. కారంలో రంగు కలుపుతున్నాడని మిల్లు ఓనరు సాంబయ్య మీద పేరుతో సహా పత్రికకు రాశాడు.

అది అచ్చయిన ఆదివారమే సాంబయ్య మనుషుల్ని వెంటేసుకుని క్లాసులోకి వచ్చాడు. అందరూ చూస్తుండగానే మాస్టారి చెయ్యి కర్రలతో విరగ్గొట్టించి, తన మిల్లు కారమే గుప్పెడు తీసి ఆయన కళ్లలో కుక్కాడు.

"ఇప్పుడు చూసి రాయరా, ఎంత రంగుందో" అని తాపీగా వెళ్లిపోయాడు.

మాస్టారు కళ్లు తెరవలేకపోయాడు. నోట్లో పడ్డ కారం ఉమ్మేసి, "చూసింది రాసి, పైకి చదవండి" అన్నాడు.

ఒక్కొక్కరే లేచి చదివారు. ఊరంతా ఎరిగిన సాంబయ్య చదివిన వాళ్లందరి కాగితాల్లోనూ గుర్తు తెలియని వ్యక్తి అయిపోయాడు.

"సిగ్గు లేదురా మీకు?" అని మాస్టారు మండిపడ్డాడు.

చివరికి రహమతున్నీసా లేచి, సాంబయ్య పేరు గట్టిగా చదివింది.

మాస్టారు ఆ గొంతు వచ్చిన వైపు తల తిప్పాడు.

"ఇంటికి ఏ దారిన పోతావమ్మా?"

"ఆ మిల్లు ముందు నించేనండి."

"ఆ పేరు కొట్టెయ్యమ్మా."