కుర్చీలు నింపిన ఆదివారం

నెల్లూరులో మా లినక్సు సంఘం ప్రతినెలా రెండో ఆదివారం మధ్యాహ్నం, ఒక చర్చి వెనకున్న సండేస్కూలు గదిలో కూడేది. లినక్సు లాగా ఎవరైనా ఊరికే వాడుకుని, మార్చుకుని, పదిమందికీ పంచగల సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడుకోవడం, పాత కంప్యూటర్లు తెచ్చినవాళ్లకి అది ఎక్కించి ఇవ్వడం మా పని. ఒకప్పుడు కుర్చీలు చాలక కిటికీల్లో కూర్చున్నారు. చివరికి ముగ్గురం మిగిలాం: సంఘం పెట్టిన అన్న, ఇందుకూరుపేట నుంచి స్కూటీ మీద వచ్చే టీచరమ్మ, నేను. అన్న ఒక కంప్యూటర్ రిపేరు షాపులో పనిచేసేవాడు. నెలంతా ఆ ఒక్క మధ్యాహ్నం కోసమే బతికినట్టుండేవాడు.

ఆ గది కుట్టు క్లాసుకి కావాలని చర్చి సెక్రటరీ గారు కబురు చేశారు. బేరానికి అన్నా, టీచరమ్మా నన్ను పంపారు. స్టీలు సామాన్ల కొట్లో పుట్టి పెరిగినవాణ్ణి, నాకంటే మొనగాడెవడు?

"నెలకి పదిమందన్నా వస్తే ఉంచుకోండి," అన్నారావిడ.

"ఐదుగురైతే చాలదా అమ్మా?"

"అంటే ఐదుగురు కూడా రావడంలా."

గిరాకీ నోరు తెరవకముందే ధర తగ్గించి చెప్పిన వెర్రివాణ్ణయ్యాను. వచ్చే మీటింగుకి ఆవిడే వచ్చి చూస్తానన్నారు.

మా బజారులో ఒక అలవాటుంది. కొట్టు ఖాళీగా కనిపిస్తే ఎవరూ లోపలికి అడుగుపెట్టరు. అందుకని పక్క కొట్టువాళ్లు వచ్చి కాసేపు బిందెలు తిరగేసి, ధరలడిగి పోతారు. మేమూ వెళ్లి వాళ్ల కొట్లలో చీరలు విప్పించేవాళ్లం. ఇక్కడా అదే చేశాను. టీ, సమోసా ఆశపెట్టి ఏడుగురు కొట్టువాళ్లని వెంటబెట్టుకొచ్చాను. అన్నకి మాత్రం చెప్పలేదు.

వాళ్లని చూసి అన్న చొక్కా సర్దుకున్నాడు. మొదటినుంచి, ఓపిగ్గా, బోర్డు మీద బొమ్మలు గీస్తూ చెప్పాడు. బట్టల కొట్టాయన ఊరుకోక అడిగాడు.

"ఎంత పడతాది?"

"ఊరికేనన్నా."

"ఊరికే అంటే ఎట్టా? రేపు చెడిపోతే ఎవురిని పట్టుకోవాల?"

"మమ్మల్నే."

"మీరంటే ఎవురు?"

అన్న టీచరమ్మ వైపు చూశాడు, తర్వాత నావైపు. నేను సమోసాల పొట్లం విప్పడంలో మునిగిపోయాను.

సెక్రటరీ గారు వెనక కుర్చీలో కూర్చుని అంతా విన్నారు. లేస్తూ, బట్టల కొట్టాయన్ని అడిగారు. "వచ్చే నెల కూడా వస్తారా?"

మా బజారువాళ్లు ధర దగ్గర అబద్ధాలు ఎన్నయినా చెబుతారు గానీ చర్చి ఆవరణలో చెప్పరు.

"కొట్టు వదిలి నెలనెలా ఎట్టా వస్తామమ్మా? కుర్చీలు నిండాలని ఈయన పిలిస్తే వచ్చినాం."

ఆవిడ కోప్పడలేదు. సోమవారం కుట్టు మిషన్లు వస్తాయి, తాళంచెవి ఇచ్చి వెళ్లమన్నారు.

అన్న వెళ్లి, ఆ ఏడుగురిలో కిరాణా ఆయన వేషానికి తెచ్చిన పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, లినక్సు ఎక్కించడం పూర్తయ్యేదాకా లేవలేదు. కిరాణా ఆయన రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. అందరూ వెళ్లాక అన్న మెల్లగా అడిగాడు.

"వాళ్లలో ఒక్కడన్నా వాడతాడంటావా?"

అబద్ధం నాకు చిన్నప్పటినుంచి చేతిలో పని. ఆరోజు నోటికి రాలేదు.

"వాడరన్నా."

అన్న తలుపు వేసి, గొళ్లెం రెండుసార్లు లాగి చూసి, తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "నువ్వే ఇచ్చిరా. నేను పోలేను," అన్నాడు.