కంతలోంచి కాపురానికి

ఆ రోజుల్లో ఆత్మకూరులో ఇళ్ల గోడలకు లోటు లేదు, కప్పులకే లోటు. ధాత నామ సంవత్సరపు కరువులో మనుషులు గంజి తాగారు, పశువులు కప్పుల మీది గడ్డి తిన్నాయి. వానలు పడ్డాక చూస్తే ఊరి చివర పేటలో మట్టిగోడలు వరసగా నిలబడి ఉండేవి, వాటి మీద ఆకాశం. సరిగ్గా అప్పుడే నన్ను ఉదయగిరి నుంచి ఇక్కడి తాలూకా కచ్చేరీకి గుమాస్తాగా వేశారు. ఊరి నడుమ మిద్దెలు నా జీతానికి అందవు. పేటలోనే, కప్పు ఉన్న ఇల్లు, చవకగా కావాలి. మాఘమాసం లోపల ఇల్లు చూడకపోతే ఈ ఏటికి కూతురిని కాపురానికి పంపేది లేదని మా మామ ఉదయగిరి నుంచి ఉత్తరం రాశాడు. పెళ్లయి నాలుగేళ్లయింది. అప్పటికి నేను మా ఆవిడ గొంతు కూడా సరిగా విని ఎరగను.

పేటలో ఎక్కడ అడిగినా ఒకటే ప్రశ్న. "ఆడమనిషి ఉండాదా?" ఉదయగిరిలో ఉందని చెప్పేవాణ్ణి. "ఈడ ఉండాదా అంటుండా." ఇల్లు దొరికితే వస్తుందనేవాణ్ణి. "అయితే ఆమె వచ్చినాక రా అబ్బయా, ఇల్లు చూపిస్తా." ఆడమనిషి లేనివాడికి పేట ఇల్లివ్వదు, ఇల్లు లేనివాడికి మామ ఆడమనిషిని పంపడు. నెలన్నర ఈ రెండింటి మధ్య తిరిగాను. పడక కచ్చేరీ వరండాలో, దిండు పాత దస్త్రాల కట్ట. (రోజూ ఎవరి సరిహద్దు తగాదా మీద తల పెట్టి నిద్రపోయానో నాకు తెలియదు.)

చివరికి చేజర్ల దారి పక్కన ఒక ఇల్లు కనబడింది. కప్పు ఉంది, బావి ఉంది, మనుషులు లేరు. తలుపుకు అడ్డంగా రేగు కంప కొట్టి ఉంది. ఎదురుగా పశువుల కొట్టంలో ఒక అవ్వ పొయ్యి ఊదుతోంది. ఇల్లు ఎవరిదని అడిగాను.

"నాదే. మా ముసిలోడు బతికినన్నాళ్లు నా మాట యినలా. పొయ్యేటప్పుడన్నా మంచి నచ్చత్రం చూసుకోకూడదా? ధనిష్ఠలో పోయినాడు. ఆర్నెల్లు ఇల్లు మూసి, నన్ను ఈ గొడ్ల కాడ కూర్చోబెట్టినాడు."

నేను అప్పటికి నాలుగు పుస్తకాలు చదివి ఉన్నాను. ఐదోది చదివి ఉంటే అంత ధైర్యం ఉండేది కాదేమో. "నచ్చత్రానికీ నాకూ తగాదా లేదవ్వా, నాకు అద్దెకియ్యి" అన్నాను.

అవ్వ పొయ్యిలోకి ఇంకో పుల్ల తోసింది. "తలుపు తెరవకూడదు."

"తెరవకుండా లోపలికి ఎట్ల పోయేది?"

"ఎనకాల కంత ఉండాది గదా."

(ఆ నక్షత్రంలో మనిషి పోతే ఇల్లు ఆర్నెల్లు మూస్తారు, పోయినవాణ్ణి గుమ్మంలోంచి తీసుకుపోరు. వెనక గోడకు కంత కొట్టి, అందులోంచి తీసుకుపోతారు. అవ్వ ఆ కంతను పూడ్పించలేదు.)

"కంప అట్నే ఉంటాది. మూసిన ఇల్లు మూసినట్టే. కంతలోంచి నువ్వేం చేసుకుంటావో నాకు తెలవదు. అద్దె సగమియ్యి."

"మా ఇంటామె కూడా వస్తాదవ్వా."

"రానీ. మా ముసిలోడు పట్టినాడు, ఆ పిల్ల పట్టదా?"

ఇల్లు దొరికిందనీ, గాలి బాగా వస్తుందనీ మామకు రాశాను. అందులో అబద్ధం ఏమీ లేదు.

మాఘంలో ఒక పొద్దున బండి వచ్చి ఆగింది. మామ చేతిలో టెంకాయతో దిగి, గుమ్మం వైపు రెండడుగులు వేసి ఆగాడు. "ఏంది అబ్బయా, తలుపుకు కంప?"

"పందులొస్తాయి మామా."

"మరి మనుషులెట్ల పోతారు?"

నేను గొంతు సవరించుకునే లోపల అవ్వ కొట్టంలోంచి సాయానికి వచ్చింది. "ఎనక్కు రాండి నాయనా! మా ముసిలోణ్ణి తీసకపోయిన కంత ఈడనే ఉండాది!"

మామ బండివాడి వైపు తిరిగాడు. "తిప్పరా బండి. పీనుగ పోయిన కంతలోంచి నా బిడ్డ కాపురానికి పోతాదా?" తరవాత నా వైపు తిరిగాడు. "కుడికాలు ముందు పెట్టి పోవాల్సిన పిల్ల! కంతలో కుడికాలేంది, ఎడమకాలేంది? తల ముందు పోతాది!"

కంతలోంచి పోయేటప్పుడు ఏ కాలు ముందో నేను చదివిన నాలుగు పుస్తకాల్లోనూ లేదు. బండివాడు ఎద్దుల ముకుతాళ్లు పట్టుకున్నాడు. అప్పుడు బండి లోపలినుంచి ఒక గొంతు వినిపించింది.

"నాయనా, రెండు దినాలు ఈ బండిలో కూసోని నడుములు ఇరిగినాయి. బండి కావాలంటే తిప్పుకో. నేను దిగుతుండా."

దిగింది. నన్ను చూడలేదు. చక్కా ఇంటి వెనక్కి నడిచి, వంగి కంతను చూసింది. "ఇత్తడి బిందె పట్టదు. నేను పడతా" అని, కొంగు నడుముకు బిగించి, తల ముందు పెట్టి లోపలికి పోయింది. కాసేపటికి లోపలినుంచి, "కప్పు బాగుండాది నాయనా" అంది.

మామ వెనకనే వచ్చాడు. టెంకాయ ఎక్కడ కొట్టాలో తెలియక, చివరికి కంత అంచునే కొట్టాడు. టెంకాయ పగల్లేదు, గోడ రాలింది. బిందె కూడా పట్టింది.

ఆ ఇంట్లోకి ముందు పోయింది ఆమె తల. తరవాత నలభై ఏళ్లు, ఎన్ని ఇళ్లు మారినా, మా కాపురంలో పనిచేసింది కూడా అదే. నా తల దస్త్రాలకు సరిపోయింది.

పోయిన నెల ఆమె పోయింది. పురోహితుడు వేళ్ల మీద లెక్క చూసి, నక్షత్రం మంచిది కాదు, వెనక గోడ కొట్టించమన్నాడు. మా పెద్దవాడు గడ్డపార తెచ్చాడు. వద్దన్నాను. వచ్చేటప్పుడు కంతలోంచి వచ్చింది. పోయేటప్పుడు గుమ్మంలోంచే పంపించాను. అయితే ఆర్నెల్లు ఇల్లు మూసి, వేరే ఇల్లు అద్దెకు చూసుకోమన్నాడు పురోహితుడు.

"ఆడమనిషి లేనోడికి ఇల్లెవరిస్తారు స్వామీ?" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. నవ్వవలసిన మనిషి లేదు కనుక నేనే కాస్త నవ్వాను.